చార్లెస్ డికెన్సు

పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల నవలాకారులలో చార్లెస్ డికెన్సు అగ్రగణ్యుడు. ఆతని నవలలు చదువువారికి ఒక దృశ్యము పదే పదే కానవచ్చును. అప్పు తీర్పలేక చెరసాల పాలైన గృహస్థులు, వారివెంట ఆ గోడల నడుమనే కాలము గడపు భార్యాబిడ్డలు, కనికరము లేని ఋణదాతలు ఆ పుటలలో సజీవులై మెలగుచుందురు. ఆ చెరసాల గదులు, ద్వారములు, అందలి జనుల మాటతీరు కన్నులార చూచినవాడు వ్రాసినట్లే యుండును. నిజముగ ఆతడు వానిని కన్నులార చూచినవాడే. కాని ఆ సంగతి ఆతడు జీవించియుండగా పాఠకలోకమునకు తెలియనే లేదు.

చార్లెస్ 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ఇంగ్లండు దక్షిణ తీరమునందలి పోర్ట్స్‌మత్ పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ డికెన్సు, తల్లి ఎలిజబెత్. వారికి కలిగిన ఎనమండుగురు బిడ్డలలో చార్లెస్ రెండవవాడు. తండ్రి నౌకాదళమువారి జీతముల కార్యాలయమున గుమాస్తాగా నుండెను. చార్లెస్ అయిదేండ్ల బాలుడై యుండగా ఆ కుటుంబము చాతం అను రేవుపట్టణమునకు చేరెను. అచ్చట గడచిన కాలమే ఆతని బాల్యములో మిక్కిలి సుఖమైనది. తల్లి ఆతనికి అక్షరములు నేర్పెను. తండ్రి సమకూర్చిన గ్రంథములను బాలుడు ఏకాంతమున కూర్చుండి తమకముతో చదువుచుండెడివాడు. తండ్రితో షికారు పోవునపుడు గాడ్స్ హిల్ అను తావున ఒక చక్కని మేడ కనబడెడిది. కష్టపడి పని చేసినచో ఏనాటికైన అట్టి యింట వసింపవచ్చునని తండ్రి ఆతనికి చెప్పుచుండెడివాడు.

జాన్ డికెన్సు దుష్టుడు కాడు. బిడ్డలను ప్రేమించువాడు, కార్యాలయమున శ్రద్ధగ పని చేయువాడు. కాని ఆదాయమును మించి వ్యయము చేయుట ఆతని బలహీనత. అతిథులకు విందులు చేయుటయందును, దర్జాగా జీవించుటయందును ఆతనికి మక్కువ హెచ్చు. మంచమున్నంతవరకే కాళ్లు చాపవలెనను లోకోక్తి ఆతనికి తలకెక్కలేదు. పాత అప్పు తీర్చుటకు క్రొత్త అప్పు, దానిని తీర్చుటకు మరియొక అప్పు చేయుచు ఆతడు 1822వ సంవత్సరమున కుటుంబముతో లండను నగరము చేరెను.

లండనులో కష్టములు ముదిరినవి. చార్లెసును బడికి పంపుమాట తలిదండ్రులు మరచిరి. ఇంటిపనులు, అంగళ్లకు పోయి వచ్చుట ఆతని పాలాయెను. తల్లి ఒక పాఠశాల పెట్టి కుటుంబమును నిలబెట్టదలచి, ద్వారమునకు పలకను కట్టించెను. చార్లెస్ ఇంటింటికి తిరిగి ప్రకటన పత్రములు పంచెను. కాని ఒక్క విద్యార్థియు చేరలేదు. ద్వారమునొద్దకు వచ్చువారందరు అప్పులవారే. ఇంటి సామానులు ఒక్కటొక్కటిగ తాకట్టు దుకాణమునకు తరలినవి. చార్లెస్ ప్రాణసమానముగ చూచుకొను గ్రంథములు సైతము అమ్ముడుపోయినవి. వానిని దుకాణమునకు మోసికొనిపోయినవాడును ఆతడే.

ఆనాటి ఇంగ్లండులో అప్పునకు సంబంధించిన శాసనము కడు కఠినమైనది. బాకీ రాబట్టుకొనగోరు ఋణదాత న్యాయస్థానము ద్వారా ఋణగ్రస్తుని నిర్బంధింపజేయ వచ్చును. బాకీ తీరువరకు, లేదా ఋణదాత సమ్మతించువరకు, ఆతడు చెరసాలలో నుండవలసినదే. దొంగకు శిక్షాకాలము ఇంతయని నిర్ణయముండును. అప్పులవానికి అట్టి గడువు లేదు. చెరసాలలో గదికిని, వసతులకును రుసుములు చెల్లింపవలెను. బయట నున్నపుడే అప్పు తీర్పజాలనివాడు, పని చేయుటకు వీలులేని చోట బంధింపబడి ఎట్లు తీర్చును? ఈ ప్రశ్నకు ఆ శాసనమున సమాధానము లేదు. లండనులోని మార్షల్సీ అను పాత చెరసాలను 1729వ సంవత్సరమున పార్లమెంటు సంఘమొకటి పరిశీలించి, అందు పేద ఋణగ్రస్తులు తిండిలేక మరణించుచుండిరని వెల్లడించినది. తరువాత 1811వ సంవత్సరమున ఆ పేరుతోనే క్రొత్త చెరసాల వెలసినది. భవనము మారినది, శాసనము మారలేదు.

1824వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున చార్లెసునకు పండ్రెండేండ్లు నిండినవి. బంధువొకడు బూట్లకు పూయు నలుపును తయారుచేయు కార్ఖానాలో ఆతనికి పని చూపెను. జీతము వారమునకు 6 షిల్లింగులు. తలిదండ్రులు సంతోషముతో నంగీకరించిరి. థేమ్స్ నది యొడ్డున శిథిలమైన పాతయింట ఆ కార్ఖానా యుండెను. నేలమాళిగలలో ఎలుకలు గుంపులుగ తిరుగుచుండెను. నలుపు నింపిన కుండికలపై మొదట నూనెకాగితమును, దానిపై నీలికాగితమును కప్పి, దారముతో కట్టి, అంచులు సమముగ కత్తిరించి, పేరుచీటి నంటించుట ఆతని పని. విద్యావంతుడై పేరు పొందవలెనని కలలు కన్న బాలుడు ఉదయము మొదలు రాత్రి వరకు ఆ కుండికల నడుమ కూర్చుండెను.

ఆతడు పనిలో చేరిన కొలది దినములకే పిడుగువంటి ఆపద వచ్చిపడెను. ఫిబ్రవరి 20వ తేదీన జాన్ డికెన్సు నిర్బంధింపబడెను. ఒక రొట్టెల వర్తకునకు ఆతడు బాకీపడిన మొత్తము 40 పౌండ్ల 10 షిల్లింగులు. ఆ బాకీకై ఆతనిని థేమ్స్ నదికి దక్షిణముననున్న సదర్క్ ప్రాంతమునందలి మార్షల్సీ చెరసాలకు కొనిపోయిరి. చార్లెస్ తండ్రిని చూచుటకు పోయినపుడు తండ్రికొడుకు లిరువురును మిగుల విలపించిరి. ఆదాయమున కొంచెమైన మిగుల్చుకొన్నవాడు సుఖపడుననియు, దానిని కొంచెము దాటినవాడు సయితము దుఃఖము పాలగుననియు తండ్రి ఆనాడు కుమారునకు బోధించెను. తాను పాటింపని నీతిని ఆతడు చెరసాలలో కూర్చుండి చెప్పవలసివచ్చెను.

కొన్ని వారములకు ఇంట మిగిలిన సామాను లన్నియు హరించిపోయినవి. తల్లి చిన్నబిడ్డలతో చెరసాలలోనే కాపురము పెట్టెను. ఋణగ్రస్తుని కుటుంబము ఆతనితో వసించుటకును, వెలుపలికి వచ్చిపోవుటకును అచ్చట అనుమతి యుండెను. చార్లెస్ మాత్రము పరుల యింట ఒంటరిగ బసచేసి, తన జీతముతో తానే పొట్ట పోసికొనవలసివచ్చెను. శనివారమున అందిన డబ్బు వారమంతయు చాలవలెనని ఆతడు దానిని ఆరు సమభాగములు చేసి, ఆరు పొట్లములు కట్టి, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క వారము పేరు వ్రాసి దాచుకొనుచుండెను. ఆకలి హెచ్చినపుడు ఆ యేర్పాటు నిలువకపోవుటయు కలదు. ఆదివారములందు సంగీత విద్యాలయమున చదువుచున్న అక్క ఫానీతో కలసి చెరసాలకు పోయి తలిదండ్రులతో గడపుచుండెను. ఒంటరితనము భరింపజాలక ఆతడు ఒకనాడు తండ్రియెదుట కంటతడి పెట్టగా, చెరసాలకు చేరువనున్న లాంట్ వీధిలో ఒక చిన్నగది ఏర్పాటయ్యెను. నాటినుండి ఉదయము ఆహారము తలిదండ్రులతో చెరసాలలో తినుట, పగలంతయు కార్ఖానాలో పనిచేయుట ఆతని దినచర్య.

కార్ఖానాలో తోడి పనివాడైన బాబ్ ఫేగిన్ అను కుఱ్ఱడు ఆతని యెడల దయగలవాడు. ఒకనాడు చార్లెసునకు ప్రక్కటెముకలలో తీవ్రమైన నొప్పి కలిగెను. బాబ్ ఖాళీ సీసాలలో వేడినీరు నింపి కాపడము పెట్టి, సాయంకాలమున ఒంటరిగ పంపక ఇంటివరకు దిగబెట్టుదునని వెంట వచ్చెను. తన తండ్రి చెరసాలలో నున్నాడని చెప్పుటకు చార్లెసునకు నోరు రాలేదు. ఎంత చెప్పినను స్నేహితుడు వెనుదిరుగలేదు. తుదకు చార్లెస్ ఒక వంతెన సమీపమున ఎవరిదో యింటి మెట్లెక్కి, అదియే తన యిల్లని నమ్మించి వీడ్కోలు పలికెను. అప్పు చేసినవాడు తండ్రి. తల దించుకొని దొంగవలె నడచినవాడు పండ్రెండేండ్ల కుమారుడు.

ఋణగ్రస్తులకు ఆనాడు ఒక్కటే విముక్తి మార్గముండెను. తనకు గల ఆస్తినంతయు ఋణదాతలకు అప్పగించి న్యాయస్థానము నాశ్రయించినచో విడుదల లభించును. అయితే ఆతని కుటుంబము ధరించు దుస్తులును, స్వంత వస్తువులును 20 పౌండ్ల విలువను మించరాదు. కావున చార్లెస్ సైతము అధికారియెదుట నిలిచి తన దుస్తుల విలువ కట్టించుకొనవలసివచ్చెను. ఆతని జేబులో నాయనమ్మ యిచ్చిన వెండి గడియారమొకటి టిక్కు టిక్కుమనుచుండెను. ఆ శబ్దము విని దానిని లాగుకొందురేమోనని బాలుడు భయముతో వణకెను. అధికారి ఆతని మాసిన దుస్తులను చూచి పొమ్మనెను. 1824వ సంవత్సరము మే 28వ తేదీన జాన్ డికెన్సు విడుదల పొందెను. ఆతడు చెరసాలలో నున్నది మూడు మాసములకు పైచిలుకు.

తండ్రి విడుదలైనను కుమారునకు వెంటనే విముక్తి కలుగలేదు. కార్ఖానా మరియొక వీధికి మారగా, అచ్చట కిటికీ ప్రక్కన కూర్చుండి పనిచేయు బాలురను బాటసారులు నిలిచి చూచుచుండెడివారు. కొంతకాలమునకు తండ్రి కార్ఖానా బంధువుతో తగవుపడి కుమారుని మాన్పించెను. తల్లి రాజీ కుదిర్చి బాలుని మరల పనికి పంపగోరెను. తండ్రి అందులకు సమ్మతింపక బడిలో చేర్చెను. తనను తిరిగి ఆ కార్ఖానాకు పంపదలచిన తల్లి కోరిక చార్లెస్ హృదయమున ముల్లువలె జీవితాంతము నిలిచిపోయెను.

1827వ సంవత్సరమున చదువు ముగించి ఆతడు న్యాయవాదుల కార్యాలయమున గుమాస్తాగా చేరెను. స్వయంకృషితో సంక్షిప్తలేఖనము నేర్చి, పార్లమెంటు చర్చలను వ్రాసికొను విలేఖరులలో మేటి యనిపించుకొనెను. 1836వ సంవత్సరమున పిక్విక్ పేపర్స్ నెలనెలా భాగములుగ వెలువడసాగిన పిదప ఇరువదినాలుగేండ్ల ఆ యువకుని పేరు దేశమంతట మారుమ్రోగెను. ఆ హాస్యనవలలోనే కథానాయకుడు అన్యాయమైన సొమ్ము చెల్లింప నిరాకరించి ఫ్లీట్ అను ఋణకారాగారమున ప్రవేశించును. డేవిడ్ కాపర్‌ఫీల్డ్ నందలి మికాబర్ అను పాత్ర, అప్పులలో మునిగియు ఆశ వీడని జాన్ డికెన్సు ప్రతిబింబమే. 1855 మొదలు 1857 వరకు వెలువడిన లిటిల్ డారిట్ కథ చాలమట్టుకు మార్షల్సీ చుట్టును పెరుగును. అందు విలియం డారిట్ ఇరువది యేండ్లకు పైగా బందీయై, తుదకు ఆ చెరసాలకే పెద్దనని గర్వించు దుస్థితికి దిగజారును. ఆతని కుమార్తె అమీ ఆ గోడల నడుమనే జన్మించి, కుట్టుపని చేసి తండ్రిని పోషించును. నిర్బంధము అప్పును తీర్పదనియు, మనిషిని మాత్రము లోలోపల కృశింపజేయుననియు ఆ నవల నిరూపించుచున్నది.

తండ్రి స్వభావము మాత్రము మారలేదు. 1834వ సంవత్సరమున ఆతడు మరల అప్పులకై నిర్బంధింపబడగా చార్లెసే ఆదుకొనెను. కుమారుడు ప్రసిద్ధుడైన పిదప ఆతని పేరు చెప్పియు అప్పులు చేయసాగెను. 1839వ సంవత్సరమున చార్లెస్ తలిదండ్రులకు లండనుకు దూరముగ డెవన్ సీమలో ఒక యిల్లు కుదిర్చెను. విసుగు కలిగినను తండ్రిని విడనాడలేదు. 1851వ సంవత్సరమున తండ్రి మరణించువరకు పుత్రధర్మమును నిర్వర్తించెను. 1856వ సంవత్సరమున బాల్యమున చూచిన గాడ్స్ హిల్ మేడను స్వార్జితముతో కొనెను.

ఇంతటి కీర్తి గడించినను డికెన్సు తన బాల్యమునందలి ఆ దినములను గూర్చి నోరెత్తలేదు. ఆ కార్ఖానా యున్న చోటికి పోవుటకు సైతము చిరకాలము వెనుదీసెను. ప్రాణమిత్రుడగు జాన్ ఫోర్‌స్టరునకు మాత్రము ఆ వృత్తాంతమును వ్రాసి యిచ్చెను. 1870వ సంవత్సరము జూన్ 9వ తేదీన డికెన్సు గాడ్స్ హిల్ గృహమున కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆతని భౌతికకాయము ఖననము చేయబడెను. మరుసటి యేడు ఫోర్‌స్టరు ప్రకటించిన జీవితచరిత్ర ద్వారా ఆ రహస్యము తొలిసారిగ లోకమునకు వెల్లడియయ్యెను.

మార్షల్సీ చెరసాల 1842వ సంవత్సరమున మూయబడినది. 1869వ సంవత్సరపు ఋణగ్రస్తుల శాసనము ఇంగ్లండున అప్పునకై చెరసాలలో నుంచు పద్ధతిని చాలమట్టుకు రద్దుచేసినది. చెల్లింపగల శక్తి యుండియు చెల్లింపనివారి విషయమున మాత్రము స్వల్పకాల నిర్బంధము నిలిచినది.

ఆంగ్ల పాలనాకాలమున రూపొంది నేటికిని మన దేశమున అమలులో నున్న 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజర్ కోడ్ నందును ఈ నిర్బంధము కలదు. డిక్రీ సొమ్ము చెల్లింపనివానిని న్యాయస్థానము సివిల్ జైలుకు పంపవచ్చును. గడువు మూడు మాసములకు మించరాదు. అచ్చట ఆతని భోజన వ్యయమును డిక్రీ పొందినవాడే భరింపవలెను. సొమ్ముకై యిచ్చిన డిక్రీ క్రింద స్త్రీలను నిర్బంధింపరాదు. జైలులో గడపినంత మాత్రమున అప్పు తీరినట్లు కాదు. 1936వ సంవత్సరపు సవరణ ఋణగ్రస్తునకు ముఖ్యమైన రక్షణ కల్పించినది. శక్తి యుండియు ఎగవేయుట, ఆస్తిని దాచుట వంటి దుర్బుద్ధి కనబడిననేగాని సామాన్యముగ నిర్బంధింపరాదని దాని సారాంశము. ఒప్పందము పాటింపలేకపోయిన మాత్రముననే ఎవ్వరిని నిర్బంధింపరాదని 1966వ సంవత్సరపు అంతర్జాతీయ ఒడంబడికయు పలికినది. పేదరికము నేరము కాదను భావమును మన సుప్రీంకోర్టు 1980వ సంవత్సరమున జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు వ్రాసిన తీర్పులో స్థిరపరచినది. మోసము చేయుట, సొమ్ము లేని ఖాతాపై చెక్కు నిచ్చుట వంటివి వేరుగ నేరములై శిక్షార్హము లగుచున్నవి.

తీర్పలేనివాడు వేరు, తీర్పనివాడు వేరు. ఈ భేదమును గుర్తించుటకు న్యాయశాస్త్రమునకు చాలకాలము పట్టినది. సదర్క్ ప్రాంతమున మార్షల్సీ చెరసాల గోడ కొంతభాగము నేటికిని నిలిచియున్నది. రాబడికి లోబడి జీవించుట, చేసిన అప్పును నిజాయితీతో తీర్చుట ప్రతి గృహస్థునకు కర్తవ్యము. అట్లే తలిదండ్రుల అప్పును బట్టి బిడ్డలను చులకనగ చూడకుండుట సంఘమునకు కర్తవ్యము. తాను పడిన అవమానమును పగగా మార్చుకొనక, తనవంటి నిస్సహాయుల పక్షమున కలము పట్టిన చార్లెస్ డికెన్సు చరిత్రము విద్యార్థులకు చిరస్మరణీయము.