మెట్టసీమకు వెలుగు: డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు

గోడమీది మీట నొక్కగానే దీపం వెలుగును. ఆ మీట వెనుక ఒక నది, ఒక జలాశయం, ఒక విద్యుత్కేంద్రం, గుట్టలు దాటివచ్చిన తీగలు ఉన్నవన్న సంగతి మనకు స్ఫురించదు. అట్టి నిర్మాణాలకు జీవితమంతా వెచ్చించిన ఇంజనీర్లలో డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు ముఖ్యులు. వారి చరిత్రను సోదర విద్యార్థులకు క్లుప్తంగా తెలుపగోరుచున్నాము.

లక్ష్మణరావు గారు 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. బాల్యంలో బడి ఆటస్థలంలో గాయపడి ఒక కంటి చూపు కోల్పోయారు. అయినను చదువు మానలేదు. మద్రాసులో ఇంజనీరింగు చదివి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. రంగూన్‌లో అధ్యాపకులుగా పనిచేశారు. తరువాత కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో ఆనకట్టల రూపకల్పనలో పేరుగాంచారు.

వానిలో మనకు మిక్కిలి చేరువైనది నాగార్జునసాగర్. నల్లగొండ జిల్లా నందికొండ వద్ద 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు విడిచారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలను తడిపినది. కాని నీరు పల్లమెరుగును. దేవరకొండ గుట్టలకు, పాలమూరు మెట్టలకు అది తానై ఎక్కిరాదు. విద్యుత్తుకు ఎత్తుపల్లాల బెడద లేదు. మెట్టరైతు బావికి తీగయే కాలువ అయినది.

విద్యుత్తు పంచుటకు ముందు లెక్క కావలెను. సందెవేళ ఊరూరా దీపాలు ఒక్కసారే వెలుగును. అర్ధరాత్రి దాటిన వాడకం తగ్గును. అంతటి శక్తిని ధాన్యమువలె గాదెలో పోయలేము, నీటిని మాత్రం నిలుపగలము. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలోని 8 యంత్రాలలో 7 ఇందుకొరకే ఇరువైపులా తిరుగునట్లు అమర్చబడినవి. అవి వాడకం పెరిగినపుడు విద్యుత్తునిచ్చును. తగ్గినపుడు దిగువ నీటిని మరల పైకి తోడగలవు. అటుపై 33 కిలోవోల్టుల తీగ ఉపకేంద్రానికి, 11 కిలోవోల్టుల తీగ ఊరికి చేరును. ట్రాన్స్‌ఫార్మర్ వద్ద 415 వోల్టులకు తగ్గి, మూడు ఫేజులతో మోటారు నడచును. ఒక ఫేజుతో 230 వోల్టుల దీపం వెలుగును. ఇండ్లన్నింటిని ఒకే ఫేజుకు తగిలించినను, సన్నని తీగను దూరం లాగినను, చివరి ఇంటి దీపం మసకబారును. పరీక్షలకు చదువుకొను బిడ్డ ఆ ఇంటనే ఉండవచ్చును.

1963లో పద్మభూషణ్ పొందిన లక్ష్మణరావు గారు అదే ఏట కేంద్ర మంత్రి అయి, సుమారు పదేండ్లు నీటిపారుదల, విద్యుచ్ఛక్తి బాధ్యతలు వహించారు. ఆ కాలంలోనే, 1964లో, రాష్ట్రాలు విద్యుత్తును పంచుకొనుటకై దేశం అయిదు విద్యుత్ ప్రాంతాలుగా ఏర్పడినది; 1969లో పల్లెల కొరకు గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలసినది.

1986 మే 18న వారు పరమపదించారు. కృష్ణానదిపై పులిచింతల జలాశయం నేడు వారి పేరున ఉన్నది. రేపు మనలో ఇంజనీర్లు కానున్నవారు తీగ లాగునపుడు మొదట చివరి ఇంటిని లెక్కించవలెనని మా మనవి. అదియే వారికి తగిన నివాళి.