నోబుల్ దొరగారు – ఇంగ్లీషు చదువు – మన పిల్లలు

శతవార్షికోత్సవ సంచికలో మన ప్రాంతానికి వచ్చి సువార్త ప్రకటించిన మిషనరీలను, వారి వెంట ఊరూరా తిరిగిన ఉపదేశకులను, బైబిలు స్త్రీలను స్మరించుకోవడం మన ధర్మం. ఇతర సహోదరులు ఆ పని చక్కగా చేస్తారు. నేను మాత్రం మన ప్రాంతంలో పనిచేయని ఒక దొరగారి జీవితాన్ని సంఘస్థుల ముందు ఉంచదలచాను. ఆయన పేరు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. బందరులోని నోబుల్ కళాశాల ఆయన పేరున వెలసినదే.

ఈయన గురించి ఇప్పుడు ఎందుకు అనవచ్చు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఈనాడు మన సంఘాల పిల్లలు ఎందరో ఇంటర్మీడియట్‌లో, డిగ్రీలో చదువుతున్నారు. వారి టైంటేబిలు ఒకసారి చూడండి. మొదటి భాగం ఇంగ్లీషు. తెలుగు, హిందీ, సంస్కృతం మొదలైనవన్నీ సెకండ్ లాంగ్వేజి. తల్లి ఒడిలో నేర్చిన భాష రెండవదయింది, బడిలో కష్టపడి నేర్చిన భాష మొదటిదయింది. ఈ వరుస ఎట్లా వచ్చిందో, దానిలో మనకు కలిగిన మేలేమిటో, కీడేమిటో తెలియాలంటే తెలుగుదేశంలో ఇంగ్లీషు చదువుకు తొలి పునాదులు వేసినవారిలో ఒకరైన నోబుల్ గారి కథ తెలిసి ఉండాలి.

నోబుల్ గారు 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఫ్రిస్బీ అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఆ ఊరి గురువు. కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదువు పూర్తిచేసి, గురుపట్టం పొంది, చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో ఇండియాకు బయలుదేరారు. ఆయనతో వచ్చిన సహచరుడు హెన్రీ వాట్సన్ ఫాక్స్. ఈయన ఆక్స్‌ఫర్డులో చదివినవాడు, వయసులో నోబుల్ గారికంటె చిన్నవాడు. ఆ సొసైటీ తెలుగువారి మధ్య చేసిన సేవ ఈ ఇద్దరితోనే ప్రారంభమైంది.

ఇద్దరూ బందరు చేరి పని పంచుకొన్నారు. ఫాక్స్ గారు ఊళ్లు తిరిగి తెలుగులో ప్రసంగించడం, నోబుల్ గారు బడి పెట్టి బోధించడం. అయితే నోబుల్ గారు వచ్చిన వెంటనే బడి తెరవలేదు. బందరు చేరింది 1841 చివరలో, బడి తెరిచింది 1843 నవంబరులో. ఈ మధ్య రెండేండ్లు ఆయన తెలుగు నేర్చుకొన్నారు. ఇంగ్లీషు నేర్పవలసినవాడు ముందు తాను తెలుగు పలకబలపం పట్టాడన్నమాట. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే చాలు, ఈ వ్యాసంలో తక్కినదంతా దాని వివరణే.

ఆ కాలంలో దేశంలో చదువు కొత్త దారి పట్టింది. 1830లో అలెగ్జాండర్ డఫ్ కలకత్తాలో ఇంగ్లీషు బడి తెరిచి, దాని ద్వారా క్రీస్తు బోధను చదువుకొన్న కుటుంబాలలోనికి తీసుకొనిపోవచ్చునని చూపాడు. 1835లో మెకాలే సలహా మేరకు గవర్నర్ జనరల్ బెంటింకు ప్రభుత్వ ధనాన్ని ఇంగ్లీషు చదువుకే వెచ్చించాలని తీర్మానించాడు. 1854లో వుడ్ గారి విద్యా ఉత్తరువు వచ్చింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ విశ్వవిద్యాలయం పరీక్షలలో ఇంగ్లీషు అందరికీ తప్పనిసరి. దేశభాష గాని సంస్కృతం వంటి ప్రాచీన భాష గాని దాని ప్రక్కన రెండవ స్థానంలో నిలిచింది. మన పిల్లల టైంటేబిలులో ఈనాటికీ కనిపించే వరుసకు మూలం అక్కడ ఉన్నది.

మరొక విశేషం కూడా చెప్పుకోవాలి. నోబుల్ గారు చదువుకొన్న రోజులలో కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యం పట్టా పరీక్షకు విషయం కానేకాదు. అక్కడ లాటిను, గ్రీకు, గణితం చదివేవారు. ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషు సాహిత్యానికి ప్రత్యేక పట్టా కోర్సు 1890లలో గాని రాలేదు. అంటే ఇంగ్లీషువారు తమ కావ్యాలను తమ విశ్వవిద్యాలయాలలో పాఠంగా పెట్టుకోక ముందే మన దేశంలోని కళాశాలలలో వాటిని పాఠంగా పెట్టారు. పాలకులకు గుమాస్తాలు కావలెను, తమ తీరు మెచ్చే మనుషులూ కావలెను. మిషనరీలకు బైబిలు అర్థం చేసుకొనే మనసులు కావలెను. పిల్లల తండ్రులకు కచేరీలో ఉద్యోగం కావలెను. ముగ్గురి కోరికలూ ఒకే తరగతి గదిలో కలిశాయి.

నోబుల్ గారి బడి కొద్దిమంది పిల్లలతో మొదలై, క్రమంగా పెరిగి బందరులో మంచి పేరు తెచ్చుకొన్నది. బ్రాహ్మణులు, ఇతర పెద్ద కులాలవారు తమ పిల్లలను పంపారు. అక్కడ ఇంగ్లీషుతోపాటు ప్రతిదినం బైబిలు పాఠం ఉండేది. ఆ సంగతి తెలిసే తండ్రులు పంపారు. చదువు తీసుకొని మతం వదిలిపెట్టవచ్చునని వారి ధీమా.

1852లో ఆ ధీమా చెదిరింది. బడిలో చదువుతున్న ఇద్దరు యువకులు, బ్రాహ్మణుడైన ఐనాల భూషణం, వెలమ కుటుంబానికి చెందిన మంచాల రత్నం, బాప్తిస్మం పొందారు. ఊరు ఊరంతా అట్టుడికినట్లు ఉడికింది. జనం మిషనరీ ఇంటిమీదికి వచ్చారు. విషయం అధికారుల దాకా పోయింది. పిల్లలను మానిపించడంతో బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ గారు బడి మూయలేదు, బైబిలు పాఠమూ ఆపలేదు. మిగిలిన కొద్దిమందికే పాఠం చెప్పుకొంటూ కూర్చొన్నారు. కొంతకాలానికి పిల్లలు తిరిగి వచ్చారు. భూషణం, రత్నం గార్లు తరువాత గురువులై సంఘాన్ని సేవించారు. అదే బడిలో చదివిన జానీ అలీ అనే ముస్లిము యువకుడు క్రీస్తును అంగీకరించి, కేంబ్రిడ్జికి వెళ్లి పట్టా పొంది, తిరిగివచ్చి మిషనరీగా పనిచేశాడు.

ఫాక్స్ గారు ఆరోగ్యం చెడి ఇంగ్లండుకు తిరిగి వెళ్లి 1848లో చనిపోయారు. నోబుల్ గారు మాత్రం ఇరువది నాలుగేండ్లలో ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ఉప్పెన ముంచెత్తింది. ఆ పట్టణంలోను చుట్టుప్రక్కల పల్లెలలోను ముప్పది వేలమంది మరణించారని లెక్క. తాను పెంచిన పట్టణం శవాలదిబ్బ కావడం ఆయన కండ్లార చూశారు. మరుసటి సంవత్సరం, 1865 అక్టోబరులో, ఆయన బందరులోనే ప్రభువునందు నిద్రించారు. రెండేండ్లకు ఆయన సోదరుడు జాన్ నోబుల్ ఆయన జీవితచరిత్రను ప్రకటించాడు.

ఇంతవరకు చెప్పినది చదివి మనం చేతులు జోడించి ఊరుకోవచ్చు. కాని సత్యం సగం చెప్పి ఆపడం గురువుకు తగదు. నోబుల్ గారు తన బడిని ఉన్నత కులాలవారి కోసమే పెట్టారు. మాల, మాదిగ పిల్లలకు అందులో చోటులేదు. వారిని చేర్చుకొంటే తక్కినవారంతా వెళ్లిపోతారని, పైవారు మారితే క్రమంగా క్రిందివారికీ వెలుగు దిగుతుందని ఆనాటి అటువంటి బడులవారి ఆలోచన. ఆయన బ్రతికి ఉన్నప్పుడే తోటి క్రైస్తవులలో కొందరు ఇది తప్పని వాదించారు.

దేవుడు ఆ వాదానికి తనదైన జవాబు ఇచ్చాడని నా నమ్మిక. 1859లో, నోబుల్ గారి బడి జోరుగా నడుస్తున్న రోజులలోనే, అదే కృష్ణా ప్రాంతంలో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు డార్లింగ్ దొరగారి వద్ద కుటుంబంతో బాప్తిస్మం పొందాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కళాశాల గడప తెలియదు. కాని ఆయన వెనుక పల్లెలకు పల్లెలు కదిలాయి. వెలుగు పైనుండి క్రిందికి దిగలేదు, క్రిందనే పుట్టింది. మన జిల్లాలలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు, ఆ తరువాత డోర్నకల్‌వారు కట్టిన సంఘాలు కూడా ఎక్కువగా ఈ రెండవ త్రోవలో నడిచినవే. మన తాతలు బందరులో పుట్టి ఉంటే నోబుల్ గారి బడి వాకిట్లో నిలబడవలసినవారే గాని లోపల బల్లమీద కూర్చొనగలిగినవారు కారు. ఈ సంగతి చెప్పుకొన్నంత మాత్రాన ఆయన త్యాగం తక్కువకాదు. దాచినంత మాత్రాన ఆ లోపం మాసిపోదు.

ఇక మన ప్రాంతం మాటకు వద్దాం. బందరు కంపెనీ ఏలుబడిలో ఉంటే కరీంనగర్, ఆదిలాబాద్ నిజాము రాజ్యంలో ఉన్నాయి. ఇక్కడ కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో, ఇంగ్లీషు తప్పనిసరి పాఠం. అంటే తెలుగు పిల్లవాడు ఇంటిలో ఒక భాష, పుస్తకంలో ఇంకొక భాష, పరీక్షలో మూడవ భాషతో కుస్తీ పట్టాడు. 1948 తరువాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధనకోసమే కేంద్రసంస్థ ఏర్పడింది. అదే ఇప్పటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1968లో మన వంగరకు చెందిన పి.వి. నరసింహారావుగారు తొలి అధ్యక్షులుగా తెలుగు అకాడమి వెలసి, కళాశాల పుస్తకాలు తెలుగులో రాసాగాయి.

ఇందులో మనకు, నోబుల్ గారికి మధ్య ఒక ముడి ఉన్నది. బందరు నోబుల్ కళాశాలలో చదువుకొన్న విశ్వనాథ సత్యనారాయణగారు 1959 నుంచి 1961 వరకు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. 1970లో జ్ఞానపీఠ పురస్కారం పొందిన మొదటి తెలుగు రచయిత ఆయనే. క్రైస్తవ కళాశాలలో చదివినా ఆయన తన మతమూ మార్చుకోలేదు, తన భాషనూ విడువలేదు. ఇంగ్లీషు చదువు తెలుగును చంపనవసరంలేదనడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం అక్కరలేదు.

ఇట్లా కోస్తా నుంచి ఒక దారిని, హైదరాబాదు నుంచి ఒక దారిని వచ్చిన ఇంగ్లీషు ఇప్పుడు మన పల్లెల దాకా చేరింది. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. తలుపు తెరుచుకొన్నది, సంతోషమే. కాని లోపల ఏమి జరుగుతున్నది? డిగ్రీ చదివే అబ్బాయి ఇంగ్లీషు నాటకం మీద బజారు గైడులోని నాలుగు పేజీల జవాబు వల్లె వేస్తాడు. సెలవు చీటీ సొంతంగా వ్రాయమంటే కలం కదలదు. తెలుగు సాహిత్యంలో మార్కులు తక్కువ పడతాయని ఇంటర్‌లో సంస్కృతం తీసుకొంటాడు. చివరకు రెండు సాహిత్యాలూ అతనికి అందవు.

దీనికి పిల్లవాడిని నిందించడం న్యాయం కాదు. రెండవ భాషను రెండవ భాషగానే నేర్పాలి. ముందు వినిపించాలి, తరువాత మాట్లాడించాలి, ఆ తరువాత చదివించి వ్రాయించాలి. తెలియనిదానిని తెలిసిన భాషకు ముడివేసి చెప్పాలి. కావ్యం ఆ కష్టానికి దొరికే పండు. చెట్టు ఎక్కడం నేర్పకుండా పండు కోయమంటే పిల్లవాడు క్రింద పడిన ఎండుటాకులే ఏరుకొంటాడు.

ఆదిలాబాదు సహోదరులకు ఇది ఇంకా బాగా తెలుసు. గోండు పిల్లవాడికి తెలుగే రెండవ భాష. 1943లో, అంటే నోబుల్ గారు బడి తెరిచిన సరిగ్గా నూరేండ్లకు, హైమెండార్ఫ్ గారి ప్రోత్సాహంతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ఏర్పడింది. అక్కడ గోండి భాషలోనే వాచకాలు తయారుచేసి, పిల్లలకు తమ సొంత మాటతో అక్షరం నేర్పారు. పిల్లవాడి భాష గురువుకు రావాలన్న సంగతి బందరులో దొరగారు రెండేండ్లు కూర్చొని నేర్చుకొన్నారు, మార్లవాయిలో అడవి బిడ్డలు మరోసారి చూపించారు.

కాబట్టి సంఘంగా మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట గుడి తలుపు మూయకుండా, కళాశాల పిల్లలను కూర్చోబెట్టి తెలుగు బైబిలు, ఇంగ్లీషు బైబిలు ప్రక్కప్రక్కన తెరిపించండి. ఒక అధ్యాయం ఇందులో చదివి, అదే అందులో చదివి, తమ మాటలలో చెప్పనివ్వండి. దీనికి ఫీజు లేదు, గైడు అవసరం లేదు. మనలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ప్రతి పాస్టరేటులోను ఉన్నారు, వారిని అడగండి. ఆ గంటకు ప్రక్క వాడలోని పిల్లలు వస్తే, ఏ కులమని, ఏ మతమని అడగక రానివ్వండి. నోబుల్ గారి బడిలో లేని బల్ల మన గుడిలో ఉండాలి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఇంగ్లీషు రెండు ముక్కలు పలికినందుకు మురిసిపోయి, తెలుగు చదవలేకపోవడాన్ని గొప్పగా చెప్పుకోకండి.

పెంతెకొస్తు దినాన ఆత్మ దిగినప్పుడు జనులందరినీ ఒక్క భాషకు మార్చలేదు. ఎవరి భాషలో వారికి వినిపించింది. ఆ ఆత్మ మన పిల్లలకు రెండు భాషలలోను నోరు, మనకు తలుపు తెరిచి ఉంచే మనసు అనుగ్రహించును గాక. ఆమేన్.