చార్లెస్ పార్సన్స్ గారు

మన పెదకాకానికి అనతిదూరముననున్న ఇబ్రహీంపట్నము విద్యుత్కేంద్రమునందు తిరుగు ఆవిరి టర్బైనులకు మూలపురుషుడు పార్సన్స్ గారు.

ఆయన 1854లో లండనున జన్మించి, 1884లో టర్బైను నిర్మించెను. 1897లో ఆయన చిన్న నౌక టర్బీనియా బ్రిటిషు నౌకాదళ సమావేశమున ఎల్ల నౌకలను మించి పరుగిడెను. అంతట, టార్పెడో పడవలను వెంటాడి ధ్వంసించు డిస్ట్రాయరు నౌకలలో వైపర్, కోబ్రాలకు ఆ యంత్రము నమర్చిరి.

1901 ఆగస్టున వైపర్ పొగమంచులో రాళ్లకు తగిలి నశించెను. సెప్టెంబరున కోబ్రా నడుమ విరిగి మునిగెను. మృతులు 67 మంది. వారిలో ఆయన సంస్థవారనేకులు. దోషము ఓడ కట్టుబడిదేగాని యంత్రముది కాదు. ఆయన దుఃఖమును దిగమ్రింగి పని విడువడయ్యెను. 1906లో డ్రెడ్‌నాట్ మహానౌక టర్బైనులతోనే నడచెను. 1931లో ఆయన గతించెను.

అపజయము కలిగినపుడు ముందు దోషమెచ్చటనున్నదో విచారింపవలెనని ఈ చరితమువలన మేము గ్రహించితిమి.