శిష్యుల కొరకు ఊరిని నిర్మించిన గురువు: ఫ్రెడరిక్ టెర్మన్

విద్యార్థి పట్టము పుచ్చుకొని కళాశాల వాకిలి దాటిన పిమ్మట గురువునకు అతనితో పని యేమి? పెక్కుమంది ఉపాధ్యాయులు ఈ ప్రశ్నకు ఆశీర్వచనముతోనే సమాధానము చెప్పుదురు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఒక ఆచార్యుడు మాత్రము వేరొక విధముగా ఆలోచించెను. శిష్యుడు నేర్చిన విద్య ఆ చుట్టుపట్లనే పరిశ్రమగా రూపొందవలెననియు, దానికి వలసిన చోటు, సలహా, పరిచయములు, తొలి ధనసహాయము సమకూర్చుట గురుధర్మములోని భాగమేననియు ఆయన తలచెను. నేడు చిన్న సాంకేతిక కంపెనీలను పెంచుటకై పలు దేశములందు వెలసిన నవకల్పన కేంద్రములకు ఒరవడి యేదని వెదకినచో, చాలవరకు దారి ఆయన వద్దకే పోవును. ఆయన పేరు ఫ్రెడరిక్ ఎమన్స్ టెర్మన్.

టెర్మన్ 1900 జూన్ 7వ తేదీన ఇండియానా రాష్ట్రమున జన్మించెను. తండ్రి లూయిస్ టెర్మన్ బుద్ధికుశలతను కొలుచు పరీక్షలను రూపొందించి ప్రసిద్ధికెక్కిన మనస్తత్వశాస్త్రజ్ఞుడు. క్షయవ్యాధి పీడితుడగుటచే ఆయన వెచ్చని గాలిని వెదకుకొనుచు సంసారమును కాలిఫోర్నియాకు తరలించి, 1910లో స్టాన్‌ఫర్డ్‌లో అధ్యాపకుడుగా చేరెను. ఆ ప్రాంగణముననే పెరిగిన బాలునకు రేడియోపై మక్కువ కలిగెను. స్టాన్‌ఫర్డ్‌లో రసాయనశాస్త్రమును, విద్యుత్ ఇంజనీరింగును చదివి, తూర్పు తీరమునకు పోయి, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో వెన్నెవార్ బుష్ వద్ద శిష్యరికము చేసి 1924లో డాక్టరేటు సంపాదించెను.

అచ్చటనే అధ్యాపక పదవి ఆయన కొరకు సిద్ధముగా నుండెను. కాని సెలవులకు ఇంటికి వచ్చినపుడు తండ్రిని బాధించిన వ్యాధియే కుమారుని పట్టెను. సుమారు ఒక సంవత్సరము మంచముననే గడిచెను. మెల్లగా కోలుకొనుచు, 1925లో స్టాన్‌ఫర్డ్‌లో కొద్దిపాటి పనితో రేడియో విద్య బోధింప మొదలిడెను. మరల తూర్పునకు పోలేదు. 1932లో ఆయన రచించిన రేడియో ఇంజనీరింగు గ్రంథము కళాశాలలందు పాఠ్యపుస్తకముగా విశేష ప్రచారము పొందెను. 1937లో ఆయన విద్యుత్ ఇంజనీరింగు శాఖకు అధ్యక్షుడయ్యెను.

ఈ పదవులన్నిటి నడుమ ఆయనను ఒక బాధ వేధించుచుండెను. తాను శ్రమపడి తీర్చిదిద్దిన చురుకైన యువకులు పట్టము చేతికి రాగానే ఉద్యోగమునకై తూర్పు తీరపు పెద్ద కంపెనీలకు పోవుచుండిరి. పశ్చిమమున వారికి తగిన పరిశ్రమలు మిక్కిలి తక్కువ. విద్య ఒకచోట, దాని ఫలము వేరొకచోట! పిల్లలను పోవలదని చెప్పిన ప్రయోజనము లేదు. వారు నిలుచుటకు ఇచ్చట ఏదో ఒకటి ఉండవలెను.

ఆయన శిష్యులలో విలియం హ్యూలెట్, డేవిడ్ పాకర్డ్ అను ఇరువురు స్నేహితులుండిరి. పాకర్డ్ అప్పటికే న్యూయార్క్ రాష్ట్రమున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉద్యోగి. టెర్మన్ అతనికి పరిశోధక వేతనము ఏర్పాటు చేసి 1938లో వెనుకకు రప్పించెను. ధ్వని పరికరములను పరీక్షించుటకు నియతమైన తరంగములను పుట్టించు ఆసిలేటరును హ్యూలెట్ రూపొందించియుండెను. అందొక చిన్న విద్యుద్దీపమును వాడి, తరంగము నిలకడగా నుండునట్లు చేయుట అతని ఉపాయము. దీనిని అమ్మకపు వస్తువుగా మార్చుడని గురువు పురికొల్పెను. పాలో ఆల్టోలో ఒక అద్దె యింటి కారు షెడ్డులో, 538 డాలర్ల మూలధనముతో, 1939లో మిత్రులిరువురు వ్యాపారము ప్రారంభించిరి. కంపెనీ పేరులో ఎవరి పేరు ముందుండవలెనో నాణెమెగురవేసి నిర్ణయించుకొనిరి. ఇతరుల ఆసిలేటర్లు రెండువందల డాలర్లకు పైబడి పలుకుచుండగా, వీరిది ఏబదినాలుగు డాలర్లకే లభించెను. వాల్ట్ డిస్నీ సంస్థ తన ఫాంటాసియా చిత్రము కొరకు ఎనిమిది యంత్రములను కొనెను. కొనదగినవారి పేర్లు చెప్పుట, వారికి పరిచయము చేయుట గురువు వంతు.

యుద్ధకాలమున, 1942లో, హార్వర్డ్ విశ్వవిద్యాలయమున నెలకొల్పిన రేడియో పరిశోధనశాలకు టెర్మన్ అధిపతి అయ్యెను. ఎనిమిదివందలకు పైగా సిబ్బంది శత్రువుల రాడారులను వంచించు ఉపాయములకై అచ్చట పనిచేసిరి. యుద్ధానంతరము ప్రభుత్వ ధనము విశ్వవిద్యాలయములకు విరివిగా ప్రవహింపగలదని ఆయన గ్రహించెను. 1946లో ఇంజనీరింగు విభాగమునకు డీనుగా మరలివచ్చి, ప్రతిభావంతులను ఏరికూర్చి కొన్ని శాఖలను ఉన్నతశిఖరములుగా నిలుపుటకు పూనుకొనెను.

స్టాన్‌ఫర్డ్‌కు భూమి మెండు, ధనము కొరత. ఎనిమిదివేల ఎకరములకు పైగా నున్న ఆ భూమిని విక్రయింపరాదని దాత నిబంధన. అమ్మరానిది కౌలుకీయవచ్చును గదా! 1951లో విశ్వవిద్యాలయము పారిశ్రామికవాటిక నెలకొల్పెను. కౌలుదారులు ఎవరైనను సరియే యనక, విశ్వవిద్యాలయ పరిశోధనలతో సంబంధము గల సాంకేతిక కంపెనీలే రావలెనని టెర్మన్ పట్టుపట్టెను. మొదట చేరినది వేరియన్ కంపెనీ. దాని స్థాపకులగు వేరియన్ సోదరులు 1937లో ఆ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోనే క్లైస్ట్రాన్ నాళికను కనుగొనినవారు. హ్యూలెట్ పాకర్డ్ కంపెనీయు పిదప అచ్చటికే వచ్చెను. 1954లో మరియొక ఏర్పాటు జరిగెను. కంపెనీలలో పనిచేయు ఇంజనీర్లు ఉద్యోగము మానకయే ఉన్నత పట్టమునకు చదువవచ్చును; రుసుము కంపెనీ భరించును. దీనివలన చిన్న కంపెనీకి సొంత కళాశాల ఉన్నంత లాభము కలిగెను; ఆచార్యులకు పరిశ్రమలోని నిజమైన చిక్కులు తెలియవచ్చెను.

1955 నుండి 1965 వరకు ఆయన విశ్వవిద్యాలయ ప్రోవోస్టు. ట్రాన్సిస్టరు సృష్టికర్తలలో ఒకడైన షాక్లీ 1956లో తన ప్రయోగశాలను ఆ ప్రాంతమున నెలకొల్పుటకు టెర్మన్ ప్రోత్సాహము తోడయ్యెను. మరుసటి సంవత్సరమే అందుండి ఎనిమిదిమంది వెలువడి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ కంపెనీని స్థాపించిరి. వారిలో ఇరువురు 1968లో ఇంటెల్‌ను స్థాపించిరి. ఒక కొమ్మ నుండి వేరొక కొమ్మ మొలచి, ఆ లోయ సిలికాన్ వ్యాలీ అను పేరు గాంచెను.

ఆయన మార్గమున ముండ్లు లేకపోలేదు. పరిశోధన ధనములో అధికభాగము సైనికశాఖలనుండి వచ్చినది. 1969లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు సైనిక పరిశోధనలకు వ్యతిరేకముగా ఒక ప్రయోగశాలను ఆక్రమించిరి. శాఖల విలువను అవి తెచ్చు నిధులతో తూచుట వలన ధనము తేజాలని శాస్త్రములు వెనుకబడునను విమర్శయు వినవచ్చెను. ఈ నిందలు నిరాధారములని త్రోసివేయరాదు.

పదవీ విరమణకు చేరువలో న్యూజెర్సీలోని పెద్ద కంపెనీలు తమ ప్రాంతమునను ఇట్టి కేంద్రమును నెలకొల్పుటకు ఆయనను పిలిచెను. ప్రణాళిక సిద్ధమయ్యెను గాని, ఆ కంపెనీలు ఒకదానితో నొకటి చేయి కలుపనందున అది ఫలింపలేదు. దక్షిణ కొరియాలో మాత్రము 1970లో ఆయన నాయకత్వమున వెలువడిన నివేదిక ననుసరించి మరుసటి సంవత్సరమే ఒక శాస్త్రవిద్యాసంస్థ వెలసి నిలిచెను. భవనములు ఎవరైనను కట్టగలరు. పరస్పర విశ్వాసము కట్టుట కష్టమని ఈ రెండు ఉదాహరణలు తెలుపుచున్నవి.

టెర్మన్ 1982 డిసెంబరు 19న పాలో ఆల్టోలో కన్నుమూసెను. ఆయన స్వయముగా ఏ మహాయంత్రమును కనిపెట్టి ప్రసిద్ధుడు కాలేదు; పెద్ద ధనికుడై కీర్తి గాంచలేదు. తరగతిలో ఎవరికి ఏ శక్తి గలదో గుర్తించి, అది వికసించువరకు వెంటనుండుటయే ఆయన విద్య. మన పాఠశాలలలోను చిన్న యంత్రమొకటి చేసి తెచ్చి చూపు విద్యార్థి ఉండకపోడు. వానిని మెచ్చుకొనుట సులభము. ఆ వస్తువును ఎవరికి చూపవలెనో, తరువాత ఏమి చేయవలెనో కూడ చెప్పిన నాడు ఆ ఉపాధ్యాయుడు టెర్మన్ బాటలో ఒక అడుగు వేసినవాడగును.