నావికుడైన శాస్త్రజ్ఞుడు - ప్యాట్రిక్ బ్లాకెట్

యుద్ధవిజయమునకు శౌర్యమును ఆయుధబలమును చాలునని లోకులు తలచుదురు. కాని రెండవ ప్రపంచయుద్ధమున అట్లాంటిక్ మహాసముద్రముపై మిత్రరాజ్యములు జర్మన్ జలాంతర్గాములను జయించిన విధమును పరిశీలించినచో, కచేరీలలో కట్టలు కట్టి యుంచిన నివేదికలకు గల శక్తి యెంతటిదో తెలియగలదు. ఆ నివేదికలను చదువు పద్ధతిని నేర్పిన వారిలో అగ్రగణ్యుడు ప్యాట్రిక్ బ్లాకెట్. స్వతంత్రభారతమున రక్షణవిజ్ఞానమునకు ఢిల్లీలో పునాది వేయుటకు తోడ్పడినవాడును ఆయనయే.

బ్లాకెట్ 1897 నవంబరు 18వ తేదీన లండను నగరమున జన్మించెను. పదమూడేండ్లు నిండకమునుపే నౌకాదళ విద్యాలయమున చేరి, 1914లో ఫాక్‌లాండ్ దీవుల యుద్ధమునందును, 1916లో జట్లండ్ యుద్ధమునందును పాల్గొనెను. యుద్ధానంతరము 1919లో నౌకాదళమువారు ఆయనను కొంతకాలము చదువుకొనుటకై కేంబ్రిడ్జికి పంపిరి. అచ్చటి భౌతికశాస్త్ర పరిశోధనలు ఆయన మనస్సును హరించెను. కొలది కాలములోనే నౌకాదళమునకు రాజీనామా యిచ్చి, విద్యార్థియై, పిదప రూథర్‌ఫర్డ్ మహాశయునికి శిష్యుడయ్యెను. ఒక పరమాణువు మరియొక పరమాణువుగా మారుటను చిత్రించుటకై ఆయన 23,000కు పైగా ఛాయాచిత్రములు తీయగా, వానిలో ఎనిమిదింట మాత్రమే ఆ మార్పు కానవచ్చెను. వేలకొలది చిత్రములలో ఎనిమిదింటిని గుర్తింపగలిగిన ఈ ఓర్పే తరువాత యుద్ధమున అక్కరకు వచ్చినది.

బ్రిటన్ ద్వీపము. ఆహారము, చమురు, యుద్ధసామగ్రి సముద్రముమీదనే రావలెను. 1940లో ఫ్రాన్సు పతనమైన పిమ్మట జర్మన్ జలాంతర్గాములు అచ్చటి రేవులనుండి బయలుదేరి, గుంపులుగా వర్తకనౌకలపై బడసాగెను. 1941 మార్చిలో బ్లాకెట్ తీరరక్షణ విమానదళమునకు సలహాదారుగా వచ్చెను. ఆయన క్రొత్త ఆయుధమును కోరలేదు. ఉన్న ఆయుధములు ఎట్లు వినియోగపడుచున్నవో చూపు నివేదికలను కోరెను.

విమానములు జలాంతర్గాములపై వేయు బాంబులు నీటిలో సుమారు 100 అడుగుల లోతున ప్రేలునట్లు అమర్చబడియుండెను. విమానమును చూడగానే శత్రువు లోతునకు మునుగునని నాటి అధికారుల భావన. బ్లాకెట్ బృందమునందలి విలియమ్స్ దాడుల నివేదికలను పరిశీలించి వేరొక సత్యమును కనుగొనెను. ముందుగా మునిగిన జలాంతర్గామి ఎచ్చటనున్నదో విమానచోదకునికి తెలియనే తెలియదు. దానిపై వేసిన బాంబు వ్యర్థము. నీటిపైననో, అప్పుడే మునుగుచునో యున్న జలాంతర్గామియే గురికి దొరకునది. కావున బాంబు 25 అడుగుల లోతుననే ప్రేలవలెనని వారు సూచించిరి. క్రమముగా ఆ మార్పు జరుగగా, ఫలించిన దాడుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగెను. ఆ సూచన ప్రేలుడు పదార్థమునుగాని, విమానమునుగాని మార్చుమని కోరలేదు. కోరినది అమరిక మార్పు మాత్రమే.

1942 ప్రారంభమున బ్లాకెట్ నౌకాదళ ప్రధానకార్యాలయమునకు మారెను. వర్తకనౌకలు యుద్ధనౌకల కాపుదలలో కాన్వాయిలుగా ప్రయాణము చేయుచుండెను. చిన్న కాన్వాయియే క్షేమకరమని అనుభవజ్ఞులైన నౌకాధికారుల నమ్మకము. లెక్కలు అందుకు విరుద్ధముగ పలికెను. సగటున 32 ఓడలు గల కాన్వాయిలలో నూటికి 2.5 ఓడలు మునుగగా, సగటున 54 ఓడలు గలవానిలో మునిగినవి నూటికి 1.1 మాత్రమే. ఓడల సంఖ్య 40నుండి 80కి పెరిగినను, కాపుకాయవలసిన చుట్టుకొలత ఏడవవంతు మాత్రమే పెరుగును. శత్రువు ముంచగల ఓడలు అతని జలాంతర్గాముల సంఖ్యనుబట్టి యుండునేగాని, కాన్వాయి పరిమాణమునుబట్టి యుండవు. 1943లో పెద్ద కాన్వాయిలు అమలులోనికి వచ్చెను. ఈ సంగతి ఒక్క యేడు ముందుగా గ్రహింపలేకపోతిమే యని బ్లాకెట్ తరువాత చింతించెను. ఆ చింతకు కారణము గలదు. మునిగిన ఓడలతో మునిగినవారు మనుష్యులు. బ్రిటిషు వర్తకనౌకలలో కొలువుచేసిన వేలకొలది భారతీయ నావికులును వారిలో నుండిరి.

లెక్క సరియైనంత మాత్రమున ఆజ్ఞ వెలువడదు. దూరప్రయాణము చేయగల విమానములను జర్మన్ నగరములపై బాంబులు వేయుటకుగాక, సముద్రమధ్యమున ఓడలను కాచుటకు ఇయ్యవలెనని బ్లాకెట్ వాదించెను. ప్రధానమంత్రి చర్చిల్‌కు ఆంతరంగికుడైన లిండెమన్ దానికి సమ్మతింపలేదు. విమానములు ఆలస్యముగా వచ్చెను, కొలదిగా వచ్చెను. అయినను అవి వచ్చినంతనే ఫలితము కానవచ్చెను. క్రొత్త రాడారు, జర్మన్ రహస్యలిపిని ఛేదించిన పండితుల కృషి, అమెరికా ఓడల కర్మాగారములు, కాపునౌకల సిబ్బంది నేర్పు - ఇవన్నియు తోడుకాగా, 1943 మే నెలలో జర్మనీ 41 జలాంతర్గాములను పోగొట్టుకొనెను. ఆ నెల 24వ తేదీన సేనాని డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ మార్గములనుండి వానిని వెనుకకు మరలించెను. ఈ విజయము ఏ ఒక్కరిదియు గాదు; కాని ఉన్న కొలది సాధనములను ఎచ్చట వినియోగింపవలెనో చూపుటలో బ్లాకెట్ బృందమునకు మిక్కిలి భాగము గలదు.

1947 జనవరిలో ఢిల్లీయందు నెహ్రూ అధ్యక్షతన జరిగిన విజ్ఞాన మహాసభకు బ్లాకెట్ అతిథిగా వచ్చెను. రక్షణవిషయములలో సలహా నొసగుమని నెహ్రూ ఆయనను కోరెను. ఖరీదైన ఆయుధములకై పెద్ద రాజ్యములతో పోటీపడక, దేశము తన శక్తికి తగిన సాధనములను చేసికొని, శాస్త్రజ్ఞులను తీర్చిదిద్దుకొనవలెనని 1948లో ఆయన నివేదించెను. అదే సంవత్సరమున ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అదే సంవత్సరమున దౌలత్‌సింగ్ కొఠారీ రక్షణమంత్రికి ప్రథమ శాస్త్రసలహాదారుడయ్యెను. 1961లో ఆ పదవి నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతము గారిని వరించుట ఆంధ్రులకు గర్వకారణము. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడిన విశాఖపట్టణముననే, 1969లో టార్పెడోల పరిశోధనకై నౌకావిజ్ఞాన ప్రయోగశాల నెలకొల్పబడెను.

బ్లాకెట్ 1965నుండి 1970వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడుగా నుండి, 1974 జూలై 13న కీర్తిశేషుడయ్యెను. దాడి ముగిసిన రాత్రి అలసిన విమానచోదకులు వ్రాసిన నాలుగు పంక్తులను ఆయన శ్రద్ధతో చదివించెను. ఆ శ్రద్ధవలన పేరూరు తెలియని నావికులెందరో తమ యిండ్లకు తిరిగి చేరిరి.