గోరీలకు తోట కట్టించిన దివాను

సాలార్‌జంగ్ అనగానే జనానికి మ్యూజియమే గుర్తుకు వస్తుంది. అందులోని వస్తువులలో అధికభాగం సేకరించినది మూడవ సాలార్‌జంగ్. ఆయన తాత, హైదరాబాదు దివాను మీర్ తురాబ్ అలీఖాన్‌ను తలచుకోవలసిన చోటు మరొకటి ఉన్నది. అది గోల్కొండ కోటకు ఉత్తరాన ఉన్న కుతుబ్‌షాహీ గోరీల ఆవరణ.

1829లో జన్మించిన తురాబ్ అలీఖాన్, తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ మరణించగా 1853లో, 24వ యేట దివాను అయ్యారు. అదే సంవత్సరం సైనికుల జీతాల బాకీ కింద బీరారు ఇంగ్లీషువారి చేతికి పోయింది. ఖజానా వట్టిపోయింది. అప్పులు తీర్చి, జిల్లాబందీ అమలుచేసి, 1874లో రాజ్యానికి రైలు తెచ్చిన సంగతులు చరిత్ర పుస్తకాలలో ఉన్నవే.

గోరీల మాట అంతగా వినబడదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక వాటిని పట్టించుకున్నవారు లేరు. తివాచీలు, దీపాలు పోయాయి; గుమ్మటాల మీద మొక్కలు మొలిచాయి. పైగా అవి ఓడిపోయిన వంశంవారివి. నిజాముల మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్ ఆ ముట్టడిలోనే ఫిరంగి దెబ్బకు ప్రాణం విడిచాడు. అటువంటి రాజ్యానికి దివానుగా ఉండి సాలార్‌జంగ్ ఆ గోరీలను బాగుచేయించారు. చుట్టూ ప్రహరీ పెట్టించి లోపల తోటలు వేయించారు.

గోరీల నడుమ తోట వేయడం పెరట్లో పాదులు పెట్టినంత సులువు కాదు. చెట్టు మరీ దగ్గరైతే వేళ్లు అరుగును చీలుస్తాయి. నీరు నిలిస్తే గచ్చు ఊడుతుంది. అలాగని బీడుగా వదిలేస్తే పశువులు మేస్తాయి. ప్రహరీ విలువ అక్కడే తెలుస్తుంది.

తోటకు కావలిసింది ఏనాటికానాటి పోషణ. తరువాతి కాలంలో అది కొరవడి మళ్లీ పాడుపడింది. 2013 వర్షాలకు ఆవరణలోని బడీ బావిలో ఒకవైపు గోడ కూలింది. ఆ ఏడే ఆగాఖాన్ ట్రస్టు చేపట్టిన పనిలో బావులు, గోరీలు, తోటలు మరల తీరుకు వచ్చాయి. 106 ఎకరాల ఆవరణలో ఆ పని 2024లో ముగిసింది.

సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరి 8న కలరాతో మరణించారు. ఆయనను పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. ఆ శ్మశానానికి చోటు ఏర్పరచిన మీర్ మోమిన్ కూడా, కుతుబ్‌షాహీల కాలంలో, ప్రధానిగా పనిచేసినవాడే.