డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములందు బోదకాలు నెరుగనివారు అరుదు. ఆ వ్యాధి నరికట్టుటకై ప్రభుత్వమువారు ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్రను 1947లో లోకమునకిచ్చినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. అచటి పరిశోధనకు అధిపతి తెలుగువారు, సుబ్బారావుగారు. వారి పేరు నిలుచుటకు ఆ మాత్ర యొక్కటియే చాలును. కాని రక్తపు కేన్సరు విషయమున వారు చేసినది అంతకంటె పెద్దపని యని నా తలంపు.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవసారికిగాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడిరి. మామగారును, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధియు తోడ్పడగా, భార్య శేషగిరిగారిని స్వదేశమున విడిచి 1923లో బోస్టను చేరిరి. మరల తిరిగి రాలేదు.

హార్వర్డులో ఫిస్కే యను ఆచార్యునితో కూడి, కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఏ.టి.పి. అను పదార్థములను బయల్పరచిరి. అంత చేసినను అచట స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీకి మారిరి.

వారి సోదరులిద్దరు స్ప్రూ యను ప్రేగుల వ్యాధితో మరణించియుండిరి. ఆ జబ్బునకు ఉపకరించు ఫోలిక్ ఆమ్లమును 1945లో సుబ్బారావుగారి బృందము ప్రయోగశాలలో తయారుచేసెను. రక్తకణములు వృద్ధియగుటకు కావలసిన ఆహారమిది. అయితే అట్టి పదార్థమునిచ్చినపుడు ల్యుకీమియా పిల్లలలో వ్యాధి మరింత విజృంభించుచున్నట్లు బోస్టను బాలల ఆసుపత్రిలో డాక్టరు సిడ్నీ ఫార్బరు గమనించెను. కేన్సరు కణమునకును ఇదే ఆహారమన్నమాట! అంతట లెడర్లీవారు ఫోలిక్ ఆమ్లమును పోలిన నకిలీ పదార్థములను చేసి పంపిరి. పైకి ధాన్యమువలె నుండి లోన గింజలేని తాలు వంటివవి. కణము వానిని నిజమైనవనుకొని పట్టుకొని, విభజనము సాగక నశించును. అందొకటియగు అమినాప్టెరినుతో 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినట్లు 1948 జూనులో ఫార్బరు ప్రకటించెను. ఆ గుణము కొన్ని నెలలే నిలిచినది. కాని అంతకుముందు ఆ నెలలైనను ఎవ్వరును ఇవ్వలేకపోయిరి.

ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కులో హఠాత్తుగా కన్నుమూసిరి. వారి వయస్సు 53 ఏండ్లు.

అమినాప్టెరినునకు తోబుట్టువగు మెథోట్రెక్సేటు తరువాత చాల దూరము పోయినది. ఆఫ్రికా పిల్లల దవడలపై లేచు ఒక గడ్డను డాక్టరు బర్కిట్ 1958లో వర్ణించెను. అదియు తెల్లరక్తకణముల కేన్సరే. 1964లో లండనులో ఎప్‌స్టైను బృందము దానియందు ఒక వైరసును కనిపెట్టెను. ఆ గడ్డ సయితము ఈ మందునకు కరగుట 1960 దశకమున వైద్యులు చూచిరి.

కేన్సరునకు ఆహారము చేరు దారి యేది? ఫార్బరు పనిచేసిన ఆసుపత్రిలోనే ఫోక్‌మన్ అను శస్త్రవైద్యుడు 1971లో దీనిని చర్చించెను. రైతు చేనికి కాలువ తీసికొన్నట్లు, గడ్డ తనకై కొత్త రక్తనాళములను రప్పించుకొనునని ఆయన వాదము. రక్తపు కేన్సరు నెత్తుటిలోనే యుండునుగదా, దానికి నాళములతో పనియేమి యని చాలకాలము తలంచిరి. 1997లో అదే ఆసుపత్రివారు ల్యుకీమియా పిల్లల ఎముకల మూలుగను పరీక్షించి, అచటను కొత్త నాళములు దట్టముగ అల్లుకొనియుండుట చూపిరి. ఆ నాళములను అడ్డగించు మందులు పిదప వచ్చినవి. అయినను పిల్లల ల్యుకీమియాకు మెథోట్రెక్సేటును నేటికిని వాడుచున్నారు. మెదడునకు వ్యాధి ప్రాకకుండ వెన్నులోనికి సూదితో ఎక్కించుచున్నారు.